షహజాదాను బానిసగా కొన్న ఊరు: నాచెజ్ ఎందుకు వాడిపోయింది?

అమెరికా దక్షిణ రాష్ట్రం మిసిసిపీలో, అదే పేరున్న నది ఒడ్డున నాచెజ్ అనే చిన్న ఊరు ఉంది. 2020 జనగణన ప్రకారం అక్కడి జనాభా 14,520. 1960లో ఇదే ఊళ్లో 23,791 మంది ఉండేవారు. అంటే 60 ఏళ్లలో ప్రతి వంద మందిలో 39 మంది తగ్గిపోయారు. పెద్ద ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. చదువుకున్న పిల్లలు పని కోసం బయటి నగరాలకు వెళ్లిపోతున్నారు. ఊరికి ఇప్పుడు కనిపించే ముఖ్యమైన ఆదాయాల్లో ఒకటి పాత బంగళాలు చూడడానికి వచ్చే పర్యాటకులు.

ఎక్కడో ఉన్న ఈ ఊరితో మనకేం పని అనిపించొచ్చు. పని ఉంది. పశ్చిమ ఆఫ్రికాలోని ఒక ముస్లిం రాజ్యానికి చెందిన షహజాదా, టింబక్టూలో చదువుకున్న హాఫిజ్ స్థాయి పండితుల మధ్య పెరిగిన మనిషి, ఈ ఊరి దగ్గర పత్తి చేలో 40 ఏళ్లు బానిసగా బతికాడు. ఆయన పేరు అబ్దుర్రహ్మాన్ ఇబ్రాహీమా. ఆయనలాంటి వేల మంది చెమటతోనే ఆ బంగళాలు లేచాయి. అయితే ఆ బంగళాలను చూపించే గైడ్లు చాలా కాలం వాళ్ల ఊసే ఎత్తలేదు.

ఇప్పుడు ఆ ఊసు ఎత్తాలా వద్దా అన్నది అమెరికాలో రాజకీయ గొడవగా మారింది. 2025 మార్చి 27న అధ్యక్షుడు ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశారు. జాతీయ పార్కులు, స్మారకాల్లో అమెరికన్లను అనుచితంగా కించపరిచే రాతలు ఉండకూడదన్నది దాని సారాంశం. ఆ తర్వాత పార్కుల్లో బోర్డులు వెలిశాయి. అమెరికన్ల గురించి చెడుగా చెప్పే సమాచారం ఏదైనా కనిపిస్తే ఫిర్యాదు చేయమని సందర్శకులనే అడిగాయి. నాచెజ్‌లోని పాత బానిసల సంత స్థలం జాతీయ పార్కు కిందే ఉంది. అదే ఏడాది నాచెజ్ పేరుతోనే వచ్చిన డాక్యుమెంటరీకి న్యూయార్క్ ట్రైబెకా చిత్రోత్సవంలో ఉత్తమ డాక్యుమెంటరీ బహుమతి దక్కింది. ఆ ఊరు తన గతాన్ని ఎలా చెప్పుకుంటోందన్నదే ఆ సినిమా విషయం.

ఈ గొడవ అర్థం కావాలంటే ముందు ఆ ఊరి జమాఖర్చు చూడాలి.

గుట్ట మీద ఊరు, గుట్ట కింద రేవు

నాచెజ్ ఒక ఎత్తయిన గుట్ట మీద ఉంటుంది. నది నుంచి చూస్తే గుట్ట సుమారు 200 అడుగుల ఎత్తు. మిసిసిపీ నదికి వరదలు ఎక్కువ. ఒడ్డున ఉన్న చాలా ఊళ్లు మునుగుతాయి, నాచెజ్ మునగదు. అందుకే ఫ్రెంచివాళ్లు 1716లో ఇక్కడ రోజలీ అనే కోట కట్టారు.

ఆ నేల ఖాళీగా ఏమీ లేదు. నాచెజ్ అనేది అక్కడి మూలవాసుల పేరు. తమ పొలాలు లాక్కుంటున్నారని వాళ్లు 1729లో ఫ్రెంచివాళ్ల మీద తిరగబడ్డారు. రెండేళ్లలో ఫ్రెంచి సైన్యం వాళ్లను చెల్లాచెదురు చేసింది. పట్టుబడిన వాళ్లను కరీబియన్ దీవులకు బానిసలుగా అమ్మేసింది. ఊరికి వాళ్ల పేరు మిగిలింది, వాళ్లు మిగల్లేదు.

ఆ తర్వాత ఊరు చేతులు మారుతూ పోయింది. 1763లో ఇంగ్లీషువాళ్లకు, 1779లో స్పెయిన్‌కు, 1798లో అమెరికాకు వచ్చింది. 1817లో మిసిసిపీ రాష్ట్రం ఏర్పడినప్పుడు మొదటి రాజధాని నాచెజే. కొన్నేళ్లకే రాజధాని జాక్సన్‌కు తరలిపోయింది. అయినా ఊరికి పెద్ద నష్టం అనిపించలేదు. ఎందుకంటే అసలు డబ్బు కచేరీలో కాదు, గుట్ట కింద రేవులో ఉంది.

ఎగువ రాష్ట్రాల నుంచి మాంసం, పిండి, కలప వేసుకుని తెప్ప పడవలు ఈ రేవుకు వచ్చేవి. సరుకుతో పాటు పడవ చెక్కలు కూడా అమ్మేసి, పడవవాళ్లు నాచెజ్ ట్రేస్ అనే అడవి బాట పట్టుకుని నాష్‌విల్ దాకా 400 మైళ్లకు పైగా నడిచి ఇళ్లకు చేరేవారు. 1811లో బయల్దేరిన మొదటి ఆవిరి పడవ నాచెజ్ తాకింది. అప్పటి నుంచి నదికి ఎదురు ప్రయాణం తేలికైంది. పత్తి మూటలు దిగువన న్యూ ఆర్లీన్స్‌కు, అక్కడి నుంచి ఇంగ్లండ్ మిల్లులకు వెళ్లేవి. 1840 మే 7న వచ్చిన సుడిగాలిలో 317 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది రేవులో, పడవల మీద ఉన్నవాళ్లే. ఆ రేవు ఎంత కిటకిటలాడేదో ఆ లెక్కే చెబుతుంది.

చిట్టాలో మనుషులు

1793లో పత్తి నుంచి గింజ తీసే జిన్ను యంత్రం వచ్చింది. అంతకుముందు పొగాకు, నీలిమందు పండించిన నాచెజ్ చుట్టుపక్కల దొరలు మొత్తం పత్తిలోకి దిగారు. నది అవతల లూసియానా వైపు నల్లరేగడి లాంటి సారవంతమైన భూముల్లో వాళ్ల తోటలు, ఇవతల గుట్ట మీద వాళ్ల బంగళాలు. అమెరికా కోటీశ్వరుల్లో సగం మంది ఒకప్పుడు నాచెజ్‌లోనే ఉండేవారని గైడ్లు ఇప్పటికీ గొప్పగా చెబుతుంటారు. ఆ మాట ఎంత నిజమైనా కాకపోయినా, ఆ ఐశ్వర్యం దేనితో వచ్చిందో జనగణన కాగితాల్లో ఉంది.

1860లో నాచెజ్ ఉన్న ఆడమ్స్ కౌంటీ జనాభా 20,165. అందులో బానిసలు 14,292 మంది. వందలో 70 మందికి పైగా ఇంకొకరి ఆస్తి అన్నమాట.

ఊరి నడిబొడ్డుకు తూర్పున ఒక మైలు దూరంలో మూడు బాటలు కలిసే చోటు ఉంది. దాని పేరు ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్. న్యూ ఆర్లీన్స్ తర్వాత ఆ దక్షిణ ప్రాంతంలో అతి పెద్ద బానిసల సంత అదే. వర్జీనియా, మేరీలాండ్ రాష్ట్రాల నుంచి మనుషులను గొలుసులతో కట్టి వందల మైళ్లు నడిపించి తెచ్చేవారు. కొందరిని ఓడల్లో న్యూ ఆర్లీన్స్ దాకా, అక్కడి నుంచి ఆవిరి పడవల్లో తెచ్చేవారు. ఇక్కడ వేలం పాట ఉండేది కాదు. బట్టల దుకాణంలో లాగా వరుసగా నిలబెట్టేవారు. కొనేవాడు వచ్చి పళ్లు, చేతులు చూసి బేరం ఆడుకునేవాడు.

ఇందులో లెక్కల మెలిక ఒకటి ఉంది. బానిస అంటే దొరకు పనివాడు మాత్రమే కాదు, బ్యాంకులో తాకట్టు పెట్టే ఆస్తి కూడా. బానిసలను చూపించి అప్పు తెచ్చేవారు, ఆ అప్పుతో ఇంకా భూమి, ఇంకా మనుషులను కొనేవారు. 1860 నాటికి అమెరికాలోని బానిసల మొత్తం విలువ 300 కోట్ల డాలర్లకు పైనే అని చరిత్రకారులు లెక్క కట్టారు. దేశంలోని రైల్వేలు, ఫ్యాక్టరీల మీద పెట్టిన పెట్టుబడి కలిపినా అంత కాదు. నాచెజ్ దొరల ఆస్తి పట్టికలో బంగళా కంటే, వెండి సామాను కంటే పెద్ద అంకె మనుషులదే. అలాంటి ఊళ్లో ఇంకో పరిశ్రమ పెట్టాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? వచ్చిన లాభమంతా మళ్లీ పత్తిలోకి, మనుషుల కొనుగోలులోకి పోయింది.

టింబో నుంచి వచ్చిన 'ప్రిన్స్'

ఆ పట్టికలో ఒక పేరు అబ్దుర్రహ్మాన్ ఇబ్రాహీమా. ఆయన సుమారు 1762లో పుట్టారు. తండ్రి ఇబ్రాహీమా సోరీ, ఇప్పటి గినీ దేశంలో ఉన్న ఫూతా జల్లోన్ రాజ్యానికి అల్మామీ. అల్మామీ అంటే ఇమామ్ అన్న మాట నుంచి వచ్చిన బిరుదు. రాజధాని టింబో. అబ్దుర్రహ్మాన్ జెన్నే, టింబక్టూ నగరాల్లో ఇస్లామీ విద్య, అరబ్బీ నేర్చుకుని వచ్చి తండ్రి సైన్యంలో నాయకుడయ్యారు. 1788లో ఒక యుద్ధంలో శత్రువులకు చిక్కారు. వాళ్లు ఆయన్ను ఓడ వ్యాపారులకు అమ్మేశారు. సముద్రం దాటించి, చివరికి నాచెజ్ రేవులో దించారు.

థామస్ ఫాస్టర్ అనే రైతు ఆయన్ను కొన్నాడు. మా నాన్న బంగారం ఇచ్చి విడిపిస్తాడని అబ్దుర్రహ్మాన్ చెప్పినా వినలేదు. ఎగతాళిగా 'ప్రిన్స్' అని పేరు పెట్టాడు. ఒకసారి పారిపోయి అడవిలో కొన్నాళ్లు ఉండి, వెళ్లే దారి లేక ఆయనే తిరిగి వచ్చారు. తర్వాత ఇసబెల్లా అనే బానిస స్త్రీని పెళ్లాడారు. తొమ్మిది మంది పిల్లలు పుట్టారు. చట్టం ప్రకారం ఆ పిల్లలందరూ ఫాస్టర్ ఆస్తే.

1807లో ఒక విచిత్రం జరిగింది. నాచెజ్‌కు ఆరు మైళ్ల దూరంలోని వాషింగ్టన్ అనే పల్లె సంతలో అబ్దుర్రహ్మాన్ చిలగడదుంపలు అమ్ముతున్నారు. జాన్ కాక్స్ అనే ఐరిష్ డాక్టరు అటుగా వచ్చి ఆయన ముఖం చూసి ఆగిపోయాడు. పాతికేళ్ల కిందట ఆఫ్రికాలో దారి తప్పి, జబ్బుపడి పడి ఉన్న ఈ డాక్టరును టింబోకు తీసుకువెళ్లి నెలల తరబడి ఆదరించింది అబ్దుర్రహ్మాన్ తండ్రే. కాక్స్ ఫాస్టర్ ఇంటికి వెళ్లి వెయ్యి డాలర్లు ఇస్తాను, ఈయన్ను వదిలెయ్ అన్నాడు. ఫాస్టర్ ఒప్పుకోలేదు. చేలో మిగతా బానిసల చేత పని చేయించేది 'ప్రిన్సే'. ఆయన పోతే నష్టం. కాక్స్ చనిపోయేదాకా అడుగుతూనే ఉన్నాడు, ఫలితం లేకపోయింది.

1826లో అబ్దుర్రహ్మాన్ అరబ్బీలో ఒక ఉత్తరం రాశారు. మార్షాక్ అనే స్థానిక పత్రికా సంపాదకుడు దాన్ని ప్రభుత్వానికి పంపాడు. ఆయన్ను మొరాకో వాడని పొరపాటు పడ్డారు. ఉత్తరం టాంజియర్ చేరింది, మొరాకో సుల్తాన్ విడుదల కోరాడు. అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ప్రభుత్వం జోక్యం చేసుకుంది. 1828లో ఫాస్టర్ ఒప్పుకున్నాడు. షరతు ఒకటే, ఆయన అమెరికాలో ఉండకూడదు. ఇసబెల్లాను విడిపించడానికి ఊరి జనం చందాలు వేసుకుని 200 డాలర్లు ఇచ్చారు. పిల్లలు మాత్రం చేలోనే ఉండిపోయారు.

వాళ్ల విడుదల డబ్బు కోసం 66 ఏళ్ల వయసులో ఆయన ఉత్తరాది నగరాలన్నీ తిరిగారు. అరబ్బీ రాత చూపించమని జనం అడిగేవారు. క్రైస్తవుల ప్రార్థన రాయమంటే ఆయన కాగితం మీద రాసిచ్చేవారు. వాళ్లు భద్రంగా దాచుకునేవారు. చాలా కాలం తర్వాత ఆ కాగితం చదవగలిగిన వాళ్లు చూస్తే, అందులో ఉన్నది సూరె ఫాతిహా. నలభై ఏళ్ల గులామీ తర్వాత కూడా ఆ ఏడు ఆయతులు ఆయన చేతిలోనే ఉన్నాయి.

అనుకున్నంత చందా రాలేదు. 1829లో భార్యాభర్తలు ఇద్దరే లైబీరియా చేరారు. టింబో చూడకుండానే, దిగిన నాలుగు నెలలకు, జులై 6న మన్‌రోవియాలో ఆయన ఇంతికాల్ అయ్యారు. ఆ తర్వాత పోగైన డబ్బుతో ఇద్దరు కొడుకులు, వాళ్ల కుటుంబాలు కలిపి ఎనిమిది మంది తల్లి దగ్గరికి చేరారు. మిగతా పిల్లలు, మనవలు ఫాస్టర్ వారసుల వాటాల్లోకి పోయారు.

యుద్ధం వచ్చింది, కాకినాడ పత్తి కదిలింది

1861లో అంతర్యుద్ధం మొదలైంది. ఉత్తరాది నౌకలు దక్షిణాది ఓడరేవులను దిగ్బంధం చేశాయి. అప్పటిదాకా ఇంగ్లండ్ మిల్లులకు వెళ్లే పత్తిలో నాలుగింట మూడొంతులు అమెరికాదే. అది ఒక్కసారిగా ఆగేసరికి లాంకషైర్ మిల్లుల చూపు హిందుస్తాన్ మీద పడింది. బొంబాయిలో పత్తి ధరలు ఆకాశాన్నంటాయి. తెలుగు నేల మీద కృష్ణా, గుంటూరు వైపు పండిన పత్తికి కాకినాడ రేవులో గిరాకీ పెరిగింది. ఆ పత్తిని మార్కెట్‌లో 'కోకనాడ' పేరుతోనే పిలిచేవారు. నాచెజ్ రేవు ఖాళీ అయిన ఆ నాలుగేళ్లే కాకినాడ రేవుకు కలిసొచ్చిన కాలం. 1865లో యుద్ధం ముగిసి అమెరికా పత్తి మళ్లీ రావడంతో ఇక్కడ ధరలు పడిపోయి బొంబాయిలో ఎన్నో సంస్థలు దివాళా తీశాయి. ఒక ఊరి లాభనష్టాలు ఇంకో ఖండం మీద ఎలా ఆధారపడతాయో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

నాచెజ్‌లో యుద్ధం పెద్దగా జరగలేదు. 1863 జులైలో ఉత్తరాది సైన్యం వచ్చి ఊరిని స్వాధీనం చేసుకుంది. అందుకే బంగళాలు చెక్కుచెదరలేదు. బానిసల సంతలోని కొట్టాలను మాత్రం పడగొట్టి ఆ కలపతో సైనికులకు బసలు కట్టారు. వేల మంది బానిసలు చేలు వదిలి ఊళ్లోకి వచ్చేశారు, మగవాళ్లలో చాలామంది ఉత్తరాది సైన్యంలో చేరారు.

దొరల ఆస్తి పట్టికలో అతి పెద్ద అంకె ఆ రోజుతో సున్నా అయింది. అప్పులు మాత్రం అలాగే ఉన్నాయి. దీనికి గుర్తుగా నాచెజ్‌లో లాంగ్‌వుడ్ అనే ఎనిమిది మూలల బంగళా ఇప్పటికీ ఉంది. 1860లో హాలర్ నట్ అనే దొర కట్టడం మొదలుపెట్టాడు. యుద్ధం రాగానే ఉత్తరాది వడ్రంగులు పనిముట్లు వదిలేసి వెళ్లిపోయారు. 1864లో నట్ చనిపోయాడు. కుటుంబం కింది అంతస్తులోనే సర్దుకుంది. పై అంతస్తులు ఇప్పటికీ మొండి ఇటుకలతోనే ఉన్నాయి.

ఇంకో దారి కూడా కొన్నాళ్లు తెరుచుకుంది. 1870లో నాచెజ్‌కు రాబర్ట్ వుడ్ అనే నల్లజాతి మేయర్ వచ్చాడు. నాచెజ్‌లో పాదరీగా ఉన్న హైరమ్ రెవెల్స్ అదే ఏడాది అమెరికా సెనేట్‌లో మొదటి నల్లజాతి సభ్యుడయ్యాడు. ఒకప్పుడు ఇక్కడ బానిసగా ఉన్న జాన్ లించ్ కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు. 1875లో దౌర్జన్యాలతో ఆ దారి మూసేశారు. 1890 రాష్ట్ర రాజ్యాంగంతో నల్లవాళ్ల ఓటు దాదాపు లేకుండా చేశారు. ఊళ్లో ఎక్కువమందికి ఓటూ లేదు, భూమీ లేదు. పాలికి సాగు చేసి, షావుకారు దగ్గర అప్పు తీసుకుని, పంట వచ్చాక లెక్క చూస్తే ఇంకా బాకీ ఉన్నట్టే తేలేది. ఈ లెక్క మన పల్లెలకు కొత్త కాదు.

నది కదల్లేదు, వ్యాపారం కదిలిపోయింది

నాచెజ్‌కు ఎగువన రాడ్నీ అనే రేవు ఊరు ఉండేది. 1870 ప్రాంతంలో నది దారి మార్చుకుని ఊరికి దూరంగా పోయింది. రాడ్నీ ఇప్పుడు దాదాపు ఖాళీ. నాచెజ్‌ను నది వదిలిపెట్టలేదు. కానీ సరుకు నది నుంచి రైలుకు మారింది. జాక్సన్‌తో నాచెజ్‌ను కలిపే రైలు మార్గం 1882కు గానీ పూర్తి కాలేదు. అప్పటికే పెద్ద రైలు కూడళ్లు వేరే ఊళ్లలో స్థిరపడ్డాయి. 1907లో బోల్ వీవిల్ అనే పత్తి ముక్కు పురుగు మిసిసిపీలో అడుగుపెట్టింది. మొదట కనిపించింది నాచెజ్ దగ్గరే. ఆ తర్వాత చుట్టుపక్కల పత్తి మళ్లీ కోలుకోలేదు.

ఆ దెబ్బ పత్తి వ్యాపారుల మీద కూడా పడింది. నాచెజ్‌లో యూదు దుకాణదారుల కుటుంబాలు బాగా ఉండేవి. వాళ్ల పాత ప్రార్థనాలయం 1903లో కాలిపోతే 1905 నాటికి కొత్తది కట్టుకున్నారు. అందమైన భవనం ఇప్పటికీ ఉంది, సభ్యులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతే. ఊళ్లో వ్యాపారం పోతే ముందుగా ఖాళీ అయ్యేవి ఇలాంటి చిన్న సమాజాల ప్రార్థనా స్థలాలే.

ఫ్యాక్టరీల కాలం

పత్తి పోయాక ఊరికి ఇంకో అవకాశం వచ్చింది. 1930ల చివర ఆర్మ్‌స్ట్రాంగ్ టైర్ల ఫ్యాక్టరీ, 1950లో ఇంటర్నేషనల్ పేపర్ మిల్లు వచ్చాయి. 1940లలో చుట్టుపక్కల చమురు బయటపడింది. 1940లో నది మీద వంతెన కట్టారు. 1960 జనాభా లెక్కలో కనిపించే పెరుగుదల ఈ జీతాల పుణ్యమే.

ఆ జీతాలు కూడా అందరికీ ఒకటి కావు. మంచి పనులు తెల్లవాళ్లకే. ఆర్మ్‌స్ట్రాంగ్ ఫ్యాక్టరీలో పనిచేసే జార్జ్ మెట్‌కాఫ్, నల్లవాళ్ల హక్కుల సంఘం నాయకుడు. 1965 ఆగస్టు 27న ఆయన కారులో బాంబు పేలింది, తీవ్ర గాయాలతో బతికారు. దాంతో నల్లజాతి కుటుంబాలు తెల్లవాళ్ల దుకాణాల్లో కొనడం ఆపేశాయి. డిసెంబరు నాటికి దుకాణాలు, మునిసిపాలిటీ దిగివచ్చాయి. వాళ్ల డిమాండ్లలో ఒకటి గమనించాలి: నల్లవాళ్లను పేరు పెట్టి 'ఒరే' అన్నట్టు కాకుండా మిస్టర్, మిసెస్ అని గౌరవంగా పిలవాలి.

1967 ఫిబ్రవరి 27న అదే ఫ్యాక్టరీలో పనిచేసే వార్లెస్ట్ జాక్సన్ పని ముగించుకుని ఇంటికి వెళ్తుండగా ఆయన ట్రక్కులో బాంబు పేలింది. అక్కడికక్కడే చనిపోయారు. అంతకుముందు తెల్లవాళ్లకే ఇచ్చే పోస్టుకు ఆయనకు ప్రమోషన్ వచ్చి ఎన్నో రోజులు కాలేదు. ఈ హత్యలో ఇంతవరకు ఒక్కరికీ శిక్ష పడలేదు.

2000 తర్వాత కొద్ది ఏళ్లలోనే టైర్ల ఫ్యాక్టరీ మూతపడింది. 2003లో పేపర్ మిల్లు మూసేశారు. విదేశీ పోటీ, పాత యంత్రాలు, కంపెనీల విలీనాలు కారణాలుగా చెప్పుకోవచ్చు. కానీ ఊరి వైపు నుంచి చూస్తే జరిగింది పాత కథే. ఒకప్పుడు ఒకే పంట, తర్వాత రెండు మూడు ఫ్యాక్టరీలు. అవి పోయేసరికి పట్టుకోవడానికి ఇంకేమీ లేదు. 2000లో 18,464 ఉన్న జనాభా 2010కి 15,792కు పడిపోయింది.

గతాన్ని అమ్మే వ్యాపారం

మిగిలింది బంగళాలు. 1932లో ఊళ్లోని గార్డెన్ క్లబ్ మహిళలు 'పిల్‌గ్రిమేజ్' పేరుతో బంగళాల యాత్ర మొదలుపెట్టారు. వసంతంలో టికెట్ కొన్నవాళ్లకు ఇళ్లు చూపించేవారు. ఆడపిల్లలు గుండ్రటి పెద్ద గౌన్లు వేసుకుని స్వాగతం చెప్పేవారు. చెప్పే కథంతా పాత దొరల వైభవం, పెళ్లిళ్లు, వెండి సామాను. ఆ వెండిని తుడిచినవాళ్లను 'నౌకర్లు' అనేసి ముందుకు పోయేవారు.

వ్యాపారంగా ఇది తెలివైన పనే. మూలన పడిన ఆస్తి నుంచి ఆదాయం తీశారు. కానీ సగం సరుకునే అమ్మారు. ఊరి జనాభాలో సగానికి పైగా ఉన్న నల్లజాతి కుటుంబాలకు ఆ కథలో చోటు లేదు, ఆ ఆదాయంలో వాటా కూడా అంతంతే. 1940 ఏప్రిల్ 23న రిథమ్ క్లబ్ అనే డాన్సు హాలులో నిప్పంటుకుని 209 మంది నల్లజాతీయులు చనిపోయారు. కిటికీలకు పలకలు కొట్టేసి ఉండటంతో బయటపడలేకపోయారు. అంత పెద్ద విషాదం కూడా యాత్ర కథల్లోకి రాలేదు.

మార్పు నెమ్మదిగా వచ్చింది. 1988లో జాతీయ పార్కు ఏర్పడింది. బానిసగా పుట్టి, స్వేచ్ఛ పొంది, మంగలి షాపులు నడిపి, 16 ఏళ్లు డైరీ రాసిన విలియం జాన్సన్ ఇల్లు అందులో చేరింది. స్థానిక నల్లజాతి కార్యకర్తలు ఏళ్ల తరబడి పోరాడారు, బానిసల సంత స్థలాన్ని కాపాడమని. 2021 జూన్‌లో ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్ అధికారికంగా జాతీయ పార్కులో భాగమైంది. అక్కడ బంగళా ఏమీ లేదు. గడ్డి, కొన్ని బోర్డులు, సిమెంటులో పాతిన ఇనుప సంకెళ్లు. చూడడానికి ఇప్పుడు జనం వస్తున్నారు. నల్లజాతి గైడ్లు సొంతంగా టూర్లు నడుపుతున్నారు. తెల్ల గైడ్లలో కొందరు కథ మార్చారు, కొందరు మార్చలేదు.

ఇప్పుడు పోయేదేమిటి?

2025 ఉత్తర్వును ఈ వెలుగులో చూడాలి. జాతీయ పార్కులన్నిటికీ అది వర్తిస్తుంది. బానిసల సంత గురించి నిజం రాస్తే అది అమెరికన్లను కించపరచడం అవుతుందా? ఏ అమెరికన్లను? గొలుసులతో నడిచి వచ్చినవాళ్లు, వాళ్ల మునిమనవలు కూడా అమెరికన్లే కదా. ఇబ్రాహీమా కథను చెప్పకుండా ఫాస్టర్ పొలం గురించి చెప్పడం కుదరదు. చెప్పినా అది సగం లెక్క.

ఇది న్యాయం ప్రశ్న ఒక్కటే కాదు, ఊరి కడుపు ప్రశ్న కూడా. నాచెజ్‌కు ఇప్పుడు మిగిలిన పెట్టుబడి దాని చరిత్రే. గుండ్రటి గౌన్ల కథ వినడానికి వచ్చే తరం వయసు మళ్లింది. తమ పూర్వీకుల ఆనవాళ్లు వెతుక్కుంటూ వచ్చే నల్లజాతి కుటుంబాలు, నిజం తెలుసుకోవాలనుకునే యువకులు కొత్త సందర్శకులు. వాళ్లకు చూపించాల్సిన దాన్ని దాచేస్తే ఊరు తన కొత్త గిరాకీని తానే పోగొట్టుకుంటుంది.

అలాగని నిజం చెప్పేస్తే ఊరు బాగుపడిపోతుందని అనుకోవడం కూడా తప్పే. పర్యాటకం ఇచ్చే పనులు ఎక్కువగా హోటల్ గదులు, వంటశాలలు, టికెట్ కౌంటర్లు. పేపర్ మిల్లులో యూనియన్ జీతం, పెన్షన్ ఉన్న ఉద్యోగానికి అవి సాటి రావు. బడులు, ఆసుపత్రులు, చిన్న పరిశ్రమలు లేకుండా 14,520 అంకె పైకి కదలదు.

మన ముస్లిం కుటుంబాలకు ఇందులో సొంత విషయం ఒకటి ఉంది. అమెరికాలో ఇస్లాం ఈ మధ్య విమానాల్లో దిగిందని చాలామంది అనుకుంటారు. హైదరాబాద్, గుంటూరు నుంచి వెళ్లి డాలస్‌లో, షికాగోలో స్థిరపడిన మన పిల్లలు కూడా తమనే మొదటి తరం అనుకుంటారు. నార్త్ కరొలినాలో బానిసగా ఉంటూ 1831లో అరబ్బీలో ఆత్మకథ రాసిన ఉమర్ ఇబ్న్ సయీద్, నాచెజ్‌లో అబ్దుర్రహ్మాన్ ఇబ్రాహీమా, పేరు కూడా మిగలని వేల మంది అంతకు ముందే అక్కడి మట్టిలో కలిసిపోయారు. మసీదు లేదు, జమాత్ లేదు, పిల్లలకు సొంత పేరు పెట్టుకునే హక్కు కూడా లేదు. అయినా ఆయన ఫాతిహా మరచిపోలేదు.

అమెరికా వెళ్లేవాళ్లు న్యూ ఆర్లీన్స్ దాకా వెళ్తే, అక్కడి నుంచి కారులో నాచెజ్ మూడు గంటల దారి. బంగళాలు చూడొచ్చు, తప్పు లేదు. కానీ ముందు ఆ మూడు బాటలు కలిసే చోట ఆగి, ఒక ఫాతిహా చదివి, బోర్డు మీద ఏం రాసి ఉందో చూడాలి. అది ఇంకా అక్కడే ఉందో లేదో కూడా.